పరాయి ఊళ్లో మొదటి రోజు: ఊరు తర్వాత, ముందు దారి

గత నవంబరులో మా వారి శాఖ నుంచి, పక్క శాఖల నుంచి ఐదు కుటుంబాలు కలిసి సింగపూర్ వెళ్లాం. పెద్దవాళ్లు, పిల్లలు కలిపి 19 మందిమి. తిరిగొచ్చాక భిలాయిలో తెలిసినవాళ్లంతా అడిగింది ఒకటే: ఏమేం చూశారు, ఎంత ఖర్చయింది? మొదటి రోజు ఎలా గడిచిందని ఎవరూ అడగలేదు. నిజానికి చెప్పుకోవలసింది అదే. ఆ రోజు మా మామయ్యగారు గంటసేపు కనిపించకుండా పోయారు. తప్పు ఊరిదీ కాదు, ఆయనదీ కాదు. మొదటి రోజును మేం వేసుకున్న తీరుదే తప్పు. మన బ్యాంకు కుటుంబాలు ఇప్పుడు ఏటా ఇలా గుంపుగా విదేశాలకు వెళ్తున్నాయి కాబట్టి, మేం నేర్చుకున్నది రాస్తున్నాను.

భిలాయి వాళ్లకు నంబర్లే గుర్తు

ముందు మామయ్యగారి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయనది శ్రీకాకుళం జిల్లా. 1969లో, 20 ఏళ్ల వయసులో, ఉక్కు కర్మాగారంలో పని కోసం విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైల్లో వచ్చి ఇక్కడ దిగారు. ఉత్తరాంధ్ర నుంచి అలా వచ్చినవాళ్లు మన భిలాయిలో ఎందరో. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కర్మాగారం కోసం కట్టిన ఊరిది. అటు రష్యా నుంచి వచ్చిన నిపుణులకు, ఇటు మన పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకు, అందరికీ ఇది మొదట పరాయి ఊరే.

వచ్చిన మొదటి రోజే మామయ్యగారు తప్పిపోయారట. బావగారి క్వార్టరు నుంచి టీ తాగడానికి బయటికి వెళ్లి, తిరిగి చూస్తే ఇళ్లన్నీ ఒకేలా ఉన్నాయి. అదే గోడ, అదే కిటికీ, అదే వేపచెట్టు. చీకటిపడే దాకా తిరిగారు. అప్పటి నుంచి ఆయనకో అలవాటు పట్టుకుంది. ఎక్కడికి వెళ్లినా ముందు సెక్టారు, స్ట్రీటు, క్వార్టరు నంబరు బట్టీపట్టడం. మనుషుల పేర్లు మరిచిపోతారేమో గానీ నంబర్లు మరిచిపోరు. మేం ఇంట్లో నవ్వుకునేవాళ్లం. సింగపూర్‌లో ఆయన్ని కాపాడింది ఆ అలవాటే.

ఆ రోజు ఎలా గడిచింది

రాయపూర్‌లో సాయంత్రం విమానం ఎక్కి, కోల్‌కతాలో మారి, రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారాక చాంగీ విమానాశ్రయంలో దిగాం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం ఏడంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. అంటే నిద్ర లేచే వేళకు కాదు, మంచి నిద్రలో ఉండాల్సిన వేళకు దిగామన్నమాట.

ఇమిగ్రేషన్‌లో మామయ్యగారి వేలిముద్ర యంత్రానికి అందలేదు. ఏళ్ల తరబడి ఇనుముతో పనిచేసిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. అధికారి ఉన్న కౌంటరుకు పంపారు. పని సాఫీగానే అయింది కానీ పాస్‌పోర్టు మీద ముద్ర వేయలేదని ఆయన చిన్నబుచ్చుకున్నారు. సింగపూర్‌లో ఇప్పుడు ముద్ర వేయరు. ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే ఈ-పాస్ ఈమెయిల్‌కు వస్తుంది.

సామాన్లు తీసుకుని హోటలు చేరేసరికి తొమ్మిదిన్నర. గదులు మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరట. ప్యాకేజీ కాగితంలో ఈ సంగతి రాసే ఉంది, మేమే చదవలేదు. పెట్టెలు హోటలు వాళ్ల సామాన్ల గదిలో పెట్టి, ముఖాలు కడుక్కుని, "ఊరికే కూర్చోవడం ఎందుకు" అని బయల్దేరాం. డబ్బు పెట్టి వచ్చాం కదా, ఒక్క పూట కూడా పోకూడదని మా లెక్క.

మెర్లయన్ బొమ్మ దగ్గర ఫొటోలు దిగాం. నది ఒడ్డున చాలా దూరం నడిచాం. సింగపూర్ భూమధ్యరేఖకు సుమారు ఒక డిగ్రీ ఉత్తరాన ఉంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే మనకు అక్కడి 31, 32 ఒక లెక్కా అనుకున్నాం. అది పొరపాటు. మన ఎండ పొడిగా ఉంటుంది, చెమట పట్టినా ఆరిపోతుంది, ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ గాలి నిండా తేమ. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. గంట నడిచేసరికి నాలుగు గంటల అలసట వస్తుంది. రెండింటికి జోరు వాన మొదలైంది. తిన్నది సగం సగం. పిల్లలు ఏడుపు, పెద్దవాళ్లు మౌనం. ఇక హోటలుకు పోదాం పదండన్నారు.

రాఫెల్స్ ప్లేస్‌లో ఎంఆర్‌టీ రైలు ఎక్కి, ధోబీ ఘాట్‌లో మరో లైనుకు మారి, ఫారర్ పార్క్‌లో దిగాలి. ధోబీ ఘాట్ పెద్ద స్టేషను. మూడు లైన్లు కలుస్తాయి. కిందికి కిందికి ఎస్కలేటర్లు. మోకాళ్ల నొప్పులున్న మామయ్యగారు వెనకబడ్డారు. ఆయన మా వారితో ఉన్నారని నేను, నాతో ఉన్నారని మా వారు, అత్తయ్యగారితో ఉన్నారని మిగతావాళ్లు అనుకున్నాం. రైలు వచ్చింది, ఎక్కాం, తలుపులు మూసుకున్నాయి. తర్వాతి స్టేషను లిటిల్ ఇండియా వస్తుండగా అత్తయ్యగారు అడిగారు, "మీ మామయ్యేరే?" అని.

అందరం లిటిల్ ఇండియాలో దిగిపోయాం. మా వారు వెనక్కి పరుగెత్తారు. మేం అక్కడే నిలబడ్డాం. మామయ్యగారి ఫోనుకు చేస్తే స్విచాఫ్ అని వస్తోంది. ఆయనకు రోమింగ్ వేయించలేదు. "ఎప్పుడూ పక్కనే ఉంటారు కదా" అనుకున్నాం. ఆయనకు షుగరు ఉంది. మధ్యాహ్నం సరిగా తినలేదు. మాత్రల డబ్బా నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఆ డబ్బాను పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఆ గంటను నేను మరిచిపోలేను. అత్తయ్యగారు ఏడవలేదు. ప్రతి రైలు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక అడుగు ముందుకు వేసేవారు, అంతే.

గంట గడిచాక నా ఫోను మోగింది. హోటలు రిసెప్షన్ నుంచి. మామయ్యగారు లాబీలో కూర్చుని కాఫీ తాగుతున్నారట.

జరిగిందిది. ఆయన పొద్దున స్టేషనులో అడుగు పెట్టగానే బోర్డు మీద ఫారర్ పార్క్ పక్కన ఉన్న నంబరు చూసి పెట్టుకున్నారు: ఎన్‌ఈ 8. సింగపూర్‌లో ప్రతి స్టేషనుకూ ఇలా లైను అక్షరాలు, నంబరు ఉంటాయి. ధోబీ ఘాట్ ఎన్‌ఈ 6, లిటిల్ ఇండియా ఎన్‌ఈ 7. "ఆరు తర్వాత ఏడు, ఏడు తర్వాత ఎనిమిది. ఇందులో ఏటుందీ?" అన్నారు. తర్వాతి రైలు ఎక్కి, మేం నిలబడి ఉన్న ఏడో నంబరు స్టేషను మీదుగానే ముందుకు వెళ్లి, ఎనిమిదిలో దిగారు. చొక్కా జేబులో ఉన్న హోటలు కార్డు ఎవరికో చూపించి వచ్చేశారు. రిసెప్షన్‌లో నా నంబరు ఇస్తే చాలాసేపు కలవలేదు, ఎందుకంటే ఆయన రాసుకున్నది పది అంకెలే. ముందు ప్లస్ 91 లేదు. అది కలపాలని అక్కడి అమ్మాయికి తట్టాకే ఫోను మోగింది.

మేం వెళ్లేసరికి ఆయన మమ్మల్ని చూసి, "నేను తప్పిపోనేదమ్మా. మీరే తప్పిపోనారు" అన్నారు. అత్తయ్యగారు ఏమీ అనకుండా మాత్రలు ఆయన చేతిలో పెట్టారు. అప్పటి నుంచి తిరిగొచ్చేదాకా ఆ డబ్బా ఆయన జేబులోనే ఉంది.

మొదటి రోజు చేయాల్సిన పనులు

ఆ రాత్రి ఐదు కుటుంబాలూ కూర్చుని మాట్లాడుకున్నాం. మర్నాడు పొద్దున, మొదటి రోజు చేయాల్సిన పనులు చేశాం. అవి ఇవి.

గదులు ఎన్ని గంటలకు ఇస్తారో బయల్దేరక ముందే కనుక్కోండి. పొద్దున దిగే విమానమైతే గదులు త్వరగా ఇమ్మని ముందే అడగండి. పెద్దవాళ్లకు, పసిపిల్లలకు కనీసం ఒకటి రెండు గదులైనా దొరికితే చాలు. కాస్త డబ్బు ఎక్కువైనా అది వృథా కాదు.

ఒక గంట పడుకుని లేచాక, హోటలు చుట్టూ ఒక కిలోమీటరు లోపు నడవండి. మూడు చోట్లు చూసి పెట్టుకోండి: మన తిండి దొరికే చోటు, మందుల దుకాణం, రైలు స్టేషను లేదా బస్టాపు. తిరిగి వచ్చేటప్పుడు దారి చూపే పని పెద్దవాళ్లకు, పిల్లలకు అప్పగించండి. మనం వెనక నడవాలి, మాట్లాడకూడదు. మనం చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే వాళ్లకు దారి ఎప్పటికీ రాదు.

ప్రతి ఒక్కరూ స్వయంగా ఒక్క వస్తువైనా కొనాలి. నీళ్ల సీసా అయినా సరే. అక్కడి నాణేలు చేతికి అలవాటవుతాయి. అన్నట్టు, సింగపూర్‌లో కొళాయి నీళ్లు తాగవచ్చు. ఇంటి నుంచి సీసాలు తీసుకెళితే నీళ్ల ఖర్చు ఉండదు.

ప్రతి జేబులో హోటలు కార్డు ఉండాలి. దాని వెనక దగ్గరి స్టేషను పేరు, నంబరు, ఇద్దరి ఫోను నంబర్లు దేశం కోడుతో సహా రాయండి. అక్కడ పోలీసులకు 999, అంబులెన్సుకు 995. ఎవరి మందులు వారి దగ్గరే, కనీసం ఒక రోజుకు సరిపడా ఉండాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు గడియారం మారినప్పుడు వేళలు ఎలా సర్దుకోవాలో బయల్దేరక ముందే డాక్టరును అడగాలి.

గుంపును జట్లుగా విడగొట్టండి. 19 మందిని ఎవరూ లెక్కపెట్టలేరు. నలుగురేసి జట్టు అయితే ఒక చూపుతో తెలిసిపోతుంది. జట్టు పెద్ద లెక్క చూడకుండా ఎవరూ రైలు ఎక్కకూడదు.

విడిపోతే ఏం చేయాలో అందరికీ ఒకే నియమం ఉండాలి. మేం పెట్టుకున్నది ఇది: ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినవారు అక్కడే ఉండాలి. రైల్లో ఉన్నవారిలో ఒక్కరే వెనక్కి వెళ్లాలి. అరగంటలో కలవకపోతే అందరూ హోటలుకే చేరాలి. ఆ రోజు మామయ్యగారు కదిలారు, మేమూ కదిలాం. ఇద్దరూ తెలివిగానే ప్రవర్తించాం, అయినా కలుసుకోలేదు. నియమం ముందే చెప్పుకోకపోతే ఎవరి తెలివి వారిదే.

సాయంత్రానికి ఒక్కటే పెట్టుకోండి. మాకైతే సెరంగూన్ రోడ్డులోని శ్రీ శ్రీనివాస పెరుమాళ్ గుడి నడిచి వెళ్లే దూరంలోనే ఉంది. దర్శనం చేసుకుని, పక్కనే ఇడ్లీ తిని పడుకుంటే మొదటి రోజుకు అంతకన్నా ఏం కావాలి? అక్కడ రాత్రి పది అంటే మన ఏడున్నరే కాబట్టి నిద్ర త్వరగా పట్టదు. అయినా దీపాలార్పి పడుకోవాలి.

పెట్టెలో పెట్టకూడనివి

మనం పెట్టె సర్దేటప్పుడు పొడులు, పచ్చళ్లు లేకుండా సర్దం. సింగపూర్‌లోకి గసగసాలు తీసుకెళ్లకూడదు. మాదకద్రవ్యాల చట్టం కిందకు వస్తాయి. గసగసాలు కలిపిన మసాలా పొడి కూడా ఇంట్లోనే వదిలేయండి. గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్లు, చూయింగ్ గమ్ నిషేధం. కొన్ని నిద్రమాత్రలకు, కోడీన్ ఉన్న దగ్గు మందులకు ముందుగా అక్కడి అనుమతి కావాలి. మందులన్నీ డాక్టరు చీటీతో, కొన్న అట్టపెట్టెల్లోనే ఉంచండి. ఎంఆర్‌టీ రైళ్లలో, స్టేషన్లలో ఏమీ తినకూడదు, నీళ్లు కూడా తాగకూడదు. జరిమానా 500 డాలర్ల వరకు ఉంటుంది. మా పులిహోర డబ్బా మూత ఒకసారి సగం తీసి మళ్లీ పెట్టేశాం.

దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల ఎస్‌జీ అరైవల్ కార్డును ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు అసలుది కాదు. గుంపు మొత్తానికి ఒకరే నింపి, తన ఈమెయిల్ ఇస్తే అందరి ఈ-పాస్‌లూ ఆ ఒక్కరికే వెళ్తాయి. ఎవరిది వారు ఇవ్వడం మంచిది.

బ్యాంకు వాళ్లమై ఉండీ

నవ్వుకోవలసిన సంగతి ఒకటుంది. మొదటి రోజు మా గుంపులో మూడు కార్డులు పనిచేయలేదు. మూడూ బ్యాంకు ఉద్యోగులవే. రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశీ వాడకాన్ని మనమే యాప్‌లో తెరవాలి, పరిమితి పెట్టుకోవాలి. ఖాతాదారులకు రోజూ చెప్పే మాటే ఇది. తిరిగి రాగానే దాన్ని మూసేయడమూ మరవకూడదు.

ఓటీపీ వచ్చే నంబరుకు రోమింగ్ లేకపోతే ఆన్‌లైన్ చెల్లింపు జరగదు. కుటుంబానికి కనీసం రెండు ఫోన్లకు రోమింగ్ ఉండాలి. అవి ఒకే మనిషి దగ్గర ఉండకూడదు. దుకాణంలో కార్డు గీసేటప్పుడు యంత్రం "రూపాయల్లోనా, డాలర్లలోనా" అని అడిగితే స్థానిక డాలర్లే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే మార్పిడి రేటు ఆ దుకాణం తరఫువాళ్లు వేస్తారు, మనకు ఎక్కువ పడుతుంది. తిరిగొచ్చాక ఇంటికి చేరే ఖర్చులకని రూపాయలు వెంట ఉంచుకోవచ్చు, మనిషికి రూ. 25,000 దాకా.

ప్యాకేజీ డబ్బు గుంపులో ఒకరే కట్టేయకండి. విదేశీ టూర్ ప్యాకేజీ మీద వసూలు చేసే టీసీఎస్, కొన్నవారి పాన్ మీద నమోదవుతుంది. తర్వాత రిటర్నులో సర్దుబాటు చేసుకోగలిగేది కూడా వారే. ఏ కుటుంబానిది ఆ కుటుంబమే కడితే లెక్క తేలిక, స్నేహమూ నిలుస్తుంది.

ఎల్‌ఎఫ్‌సీ గురించి కూడా ఒక మాట. "మధ్యలో విదేశం తగిలించుకుంటే ఏమవుతుంది?" అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు దీని మీద తీర్పు చెప్పింది. స్టేట్ బ్యాంకు పార్టీగా ఉన్న ఆ కేసులో ఒక ప్రయాణం ఢిల్లీ నుంచి మదురైకి, అక్కడి నుంచి కొలంబో, కౌలాలంపూర్, సింగపూర్ తిరిగి మళ్లీ ఢిల్లీకి. ఈ పన్ను మినహాయింపు దేశంలోపల, ఒక చోటి నుంచి మరో చోటికి, దగ్గరి దారిలో చేసే ప్రయాణానికే అని కోర్టు స్పష్టం చేసింది. అలాంటి సొమ్ము మీద యజమాని పన్ను కోయాల్సిందే. కాబట్టి విదేశీ యాత్ర మన సొంత డబ్బుతో చేసుకునేదే. ఉద్యోగులు బయల్దేరక ముందు తమ బ్యాంకు అనుమతి తీసుకోవడం కూడా మరవకూడదు.

చివరగా

మిగతా నాలుగు రోజులూ హాయిగా గడిచాయి. అందరూ అనుకున్నట్టు ఎక్కువ చూడలేదు. ప్యాకేజీ కాగితంలో ఉన్నవాటిలో రెండు వదిలేశాం, ఎవరికీ చింత లేదు. మూడో రోజున మామయ్యగారు మనవరాలిని తీసుకుని, మాకెవరికీ చెప్పకుండా కాదు, చెప్పే, రెండు స్టేషన్లు రైల్లో వెళ్లి ఐస్‌క్రీం తినిపించి తీసుకొచ్చారు. ఆయన ముందు నడవలేదట. ఏడేళ్ల పిల్లే నంబర్లు చదువుతూ తాతను తీసుకెళ్లిందట.

వచ్చే ఏడు మీ గుంపు ఏ ఊరికి వెళ్లినా, మొదటి రోజు కాగితంలో ఒక్క మాటే రాసుకోండి: ఈ రోజు అందరికీ ఇంటికి దారి రావాలి. ఊరు ఎక్కడికీ పోదు, రెండో రోజు చూడవచ్చు.